చెంచలాకు పప్పు

నా తొలి కాన్పుకు కంబదూరు దగ్గరి మా పల్లెకు వచ్చిన ఏడాది చెనిక్కాయ పైరు బాగా మొలిచింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. అదునుకు వాన పడిందని నాయన హుషారుగా తిరుగుతున్నాడు. అమ్మకు మాత్రం ముద్ద దిగడం లేదు. ఊరికి వచ్చే ఆసుపత్రి నర్సమ్మ నా వేలు పొడిచి చూసి, రక్తం చాలా తక్కువగా ఉంది, ఇట్లాగే ఉంటే కాన్పు కష్టమని చెప్పింది మరి.

అమ్మ చెల్లెలు తొలి కాన్పులోనే రక్తం ఆగక, కల్యాణదుర్గం ఆసుపత్రికి పోయే దారిలో ఎద్దుల బండిలో ప్రాణం విడిచింది. నేను పుట్టకముందు సంగతి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మర్నాడే అమ్మ బస్సెక్కి ఆపిల్ పండ్లు, దానిమ్మ, బీట్‌రూట్ తెచ్చింది. అవి నా కడుపులో నిలిస్తే కదా! నర్సమ్మ ఇచ్చిన మాత్రలూ అంతే, మింగిన కాసేపటికే వాంతి. నాకేమో చెంచలాకు పప్పు మీదే మనసు. చేలో విత్తకుండా మొలిచే ఆకు అది. చిన్నప్పుడు అవ్వ చేసేది. చెంచలాకు, గురుగాకు, తుమ్మాకు లాంటి చేని ఆకులు కలిపి కందిబేడలతో ఉడికించి, చింతపండు వేసి ఎనిపి, తెల్లగడ్డ తిరగవాత పెట్టేది. వేడి సంగటిలో గుంత చేసి పోసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. ఆ రుచి తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. అవ్వ పోయాక అమ్మ ఆ ఆకును ఇంట్లోకి రానివ్వలేదు.

అడిగితే, "నోరు మూసుకోని ఆపిల్ తిను" అంది. మొండి మనిషి. నేనూ ఆమె కూతురినే కాబట్టి తినలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కలుపు తీసే ఆడవాళ్లు తినే ఆకును వేరుగా గిల్లి ఒడిలో వేసుకుంటారు. ఇళ్లకు పోయేటప్పుడు దారిలో చూలింత ఉన్న ఇంట్లో ముందు ఒక పిడికెడు ఇచ్చి పోతారు. ఆ సాయంత్రం మా చేలో కలుపు తీసినవాళ్లు వచ్చి, గడప లోపల ఆకు కుప్పగా పోశారు.

"వద్దమ్మా, తీసుకోని పోండి" అంది అమ్మ.

"అదేందక్కా, కడుపుతో ఉండే బిడ్డకు పెట్టకుండా మేమెట్ల తినేది?" అని వాళ్లు వెళ్లిపోయారు.

అమ్మ ఆ కుప్ప ముందు కూలబడింది. "కరువులో నా చెల్లెలికి ఇంత అన్నం పెట్టలేకపోయినా. నా చేత్తోనే ఈ గడ్డి వండి పెట్టినా. దాంట్లో సత్తువ యాడుండాది? అందుకే అది పోయింది. నీకూ అదే పెట్టమంటావా?" అని నా మీద అరిచింది.

అయినా చూలింత కోసం గడపలో పోసిందాన్ని పారేయకూడదు, అదీ మా పద్ధతే. అమ్మ ఏడుస్తూనే పొయ్యి ముట్టించింది. నేను సంగటి మళ్లీ పెట్టించుకొని తిన్నాను. ఆ రోజు వాంతి కాలేదు. తర్వాత మాత్రలు కూడా నిలిచాయి. కలుపు తీతలు అయిపోయేదాకా మా ఇంట్లో అదే కూర.

మళ్లీ పరీక్ష చేసి, రక్తం పెరిగిందని నర్సమ్మ సంతోషపడింది. ఏం తిన్నావని అడిగితే చెప్పాను. "మంచిదే. ఈ ఆకుల్లో ఇనుము ఉంటుంది, చింతపండు పులుపుతో అది ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగొద్దు, మాత్రలు మానొద్దు" అంది.

ఆ మాట విని అమ్మ దగ్గరికి వచ్చి నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. తన చెల్లెలి కథ, నాకు కూడా తెలియనిదంతా, అక్కడే నిలబడి చెప్పేసింది. చివరకు చిన్నపిల్లలా అడిగింది.

"అట్లయితే, నా కూడు తిని కాదామ్మా అది చచ్చిపోయింది?"

"కాదమ్మా. రక్తం పోతాంటే ఆపేవాళ్లు ఆడ లేకనే ప్రాణం పోయింది. నువ్వు పెట్టింది మంచి కూడే" అంది నర్సమ్మ.