గోతి ఎంత లోతు

మా రైల్వే ఆఫీసులో జరపవలసిన దినాల జాబితా తయారుచేసేది నేనే. స్వాతంత్ర్య దినం, రాజ్యాంగ దినం, మానవ హక్కుల దినం, గణతంత్ర దినం. ఒక్కోదానికి ఎదురుగా కావలసినవి రాస్తాను: జెండా, తాడు, మైకు, లడ్డూలు, ప్రతిజ్ఞ కాగితం. సిగ్నళ్ళ పని చదువుకున్నవాణ్ణి. తేదీ లేనిదేదీ నా కంటికి ఆనదు.

కొరాపుట్ నుంచి రాయగడ వెళ్ళే లైన్లో నాతో పనిచేసే హెల్పరుకి నాకంటే రెట్టింపు వయసు. దసమంతపూర్ దగ్గర పల్లె. ఇంట్లో దేశియా మాట్లాడతాడు. మా శ్రీకాకుళం వాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి తెలుగు నేర్చాడు. ఈ మార్చిలో ఒక రోజు సెలవు కావాలన్నాడు.

"ఏ తేదీన అన్నా?"

"ఇప్పపూలు రాలడం మొదలెట్టేక వచ్చిన మొదటి సంత రోజు."

"తేదీ సెప్పమంటే పూలంటావేటి?"

"సెట్టుకి కేలండరు తెల్దు సారూ."

"సరే, ఎందుకు?"

"మా అయ్య గోతిలోంచి బైటికొచ్చిన రోజది."

విరిగిపడ్డ మట్టిచరియ, తాడు పట్టుకుని పైకొస్తున్న మనిషి నా కళ్ళముందు కదిలారు. "ఎంత లోతు?" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "సానా లోతు. మా తాత అందులోనే పోయేడు."

"అయ్యో, సుట్టూ కంచె కట్టలేదా ఎవరూ?"

"ఎందుకు కట్టలేదు? మా సుట్టూనే కట్టేరు." నవ్వేశాడు.

పూలు అప్పటికే రాలుతున్నాయి. వచ్చే సంత రోజునే రైళ్ళు ఆపి చేయాల్సిన పని ఉంది. కుదరదన్నాను. అతని నవ్వు పోయింది.

"యేటా ఆ రోజు అయ్య ఆ పొలం కాణ్ణుంచి ఇంటిదాకా నడుస్తాడు సారూ. ఇప్పుడు సూపు ఆనట్లేదు. నా సెయ్యి లేకపోతే నడవలేడు. వచ్చే ఏటికి ఉంటాడో లేడో."

"గోతిలోంచి ఎప్పుడో బైటపడ్డాడు కదన్నా. వచ్చే వారం నడిపించు."

 అతను పనిముట్ల సంచీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆ సంగతే మా ఒడియా గుమాస్తాకి చెప్పి, పాపం, ముసలాయన గోతిలో పడ్డాడట అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. గోతి అంటే గొయ్యి కాదన్నాడు. ఇక్కడ గోతి అంటే మనిషి. అప్పు కింద షావుకారి ఇంట కట్టుబడిపోయిన మనిషి. వాడు పోతే వాడి కొడుకు. వెట్టిని చట్టం రద్దు చేసినా ఆ కబురు కొండలెక్కడానికి ఏళ్ళు పట్టిందట.

ఎంత లోతు అని అడిగినవాణ్ణి నేను.  ఆ పూటే, రైళ్ళు ఆపే పనిని మర్నాటికి మార్చమని పైకి రాసి, ఒప్పించి, అన్న దగ్గరికి వెళ్ళి, నేనూ రావచ్చా అని అడిగాను.

"నడక మెల్లిగుంటాది సారూ. మీరు తట్టుకోలేరు," అన్నాడు.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. కొండల పాదాలు మాయమై, శిఖరాలు మాత్రం గాలిలో తేలుతున్నాయి. షావుకారి పొలం గట్టు మీద ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఉతికిన పంచె, చెప్పుల్లేని కాళ్ళు. నడక మొదలైంది. నేను అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టాను, ఎక్కడో మరిచిపోయాను. కనబడని చెట్ల నుంచి ఇప్పపూలు టప్, టప్ అని రాలుతున్నాయి. ఆ తీపి వాసనలో ముందు నడిచే ఇద్దరూ ఒకసారి మంచులో కరిగి, మళ్ళీ గీతల్లా తేలేవారు. ఆయన నడుస్తున్నది ఈ ఏడాదిలోనో, ఆనాటి ఉదయంలోనో నాకు తెలియలేదు.

దారి మధ్యలో ఆయన ఉన్నట్టుండి కూర్చున్నాడు. నేను గాభరాగా ముందుకొచ్చాను.

"కాలు నొప్పా?"

"కాదు సారూ. ఆ రోజూ ఇలాగే కూకున్నాడు. పొద్దుగూకీదాకా పనిలో నిలబెట్టీవోరు కదా. తనకి నచ్చినకాడ ఊరికినే కూకోడం అదే మొదలంట."

ఒక ఆవు వచ్చి, మమ్మల్ని చూసి, పక్కనుంచి వెళ్ళిపోయింది. ముసలాయన దేశియాలో ఏదో అన్నాడు.

"మిమ్మల్నీ కూకోమంటన్నాడు."

కూర్చున్నాను. నేల తడిగా, చల్లగా ఉంది. పొద్దెక్కింది. సంతకి బుట్టలు మోసుకెళ్ళేవాళ్ళు మా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఆయన ఇంకా లేవలేదు. లెమ్మని మేమెవరమూ అడగలేదు.