ఎదురింటి నల్లాకులు

ఆ రోజుల్లో నా మనసు ఎంత ఇరుకుగా ఉండేదో, మా అద్దె ఇంటి ముందు జాగా కూడా అంతే ఉండేది. రెండు కుండీలు పెడితే మూడోదానికి చోటు లేదు. పెళ్ళయిన ఏడాదికి ఐర్లండులోని చెర్రీవుడ్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చి, లువాస్ అనే ట్రాము స్టాపుకి పదినిమిషాల నడకలో ఇల్లు తీసుకున్నాం. ఆఫీసులో నాది టెస్టింగు, అంటే ఇంకొకళ్ళ పనిలో తప్పులు పట్టుకున్నందుకు జీతం ఇచ్చేవాళ్ళు. (ఆ పని ఇంటికి కూడా మోసుకొచ్చేదాన్నని మా ఆయన అభిప్రాయం.) సరిగ్గా మా ఎదురింట్లో వరంగల్ నుంచి వచ్చిన ఒక డాక్టరు ఉండేది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. పైకి అక్కా అని పిలిచేదాన్ని, లోపల ఏమనుకునేదాన్నో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది.

కారణం ఆవిడ గుమ్మానికి అటొకటి ఇటొకటి ఉన్న రెండు మొక్కలు. వాటిని హ్యూకెరా అంటారు, కోరల్ బెల్స్ అని కూడా అంటారు. పువ్వుల సంగతి చెప్పుకోవడానికేం లేదు, సన్నటి కాడలకి బుల్లి బుల్లి గంటలు వేలాడతాయి, అంతే. అందమంతా ఆకులది. బాగా పండిన నేరేడుపండు రంగు, దూరం నుంచి నలుపే, అంచులు కుచ్చిళ్ళు పోసినట్టు. వాన వెలిసినప్పుడల్లా (ఐర్లండులో అంటే రోజుకి ఆరుసార్లు) అవి తళతళ మెరిసేవి. మా వీధిలో రోజూ కుక్కను తిప్పే ఒక ఐరిష్ పెద్దావిడ ఉండేది, మేం కుక్క మామ్మ అనుకునేవాళ్ళం. ఆ మామ్మ ఎదురింటి గేటు దగ్గర ఆగి, నడుం వంచి మరీ చూసి, గ్రాండ్, గ్రాండ్ అని మెచ్చుకునేది. తర్వాత నా వైపు తిరిగి సాయంత్రానికి వాన పడొచ్చని చెప్పేది. అక్కడికి మెప్పు, ఇక్కడికి వాన. అది కూడా ఓర్చుకున్నాను గానీ, ఒకరోజు మా ఆయన టీ తాగుతూ కిటికీలోంచి చూసి, డాక్టరు గారి మొక్కలు భలే ఉన్నాయి కదా అన్నాడు. నేను వండిన కూరని ఆ గొంతుతో ఎప్పుడైనా మెచ్చుకున్నాడేమోనని వారం రోజులు గుర్తు తెచ్చుకున్నాను. గుర్తు రాలేదు.

ఆ శనివారమే నర్సరీకి వెళ్ళి అచ్చం అలాంటివే రెండు తెచ్చాను. కారులోంచి దించుతుంటే అక్క రోడ్డు దాటి వచ్చింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మెళ్ళో ఆసుపత్రి కార్డు ఇంకా తీయలేదు. మొక్కల్ని చూసి, మా ఇంటిని చూసి, నెమ్మదిగా చెప్పింది.

"మీ దిక్కు ఎండ రాదు కదా. గీ రకం ఎండ తగిలితేనే నల్లగైతది. నీడకైతే పచ్చాకుది మంచిగుంటది, అది పెట్టుకో."

నల్లది తనకీ పచ్చది నాకూనా అనుకున్నాను. మంచి మాట చెప్పినవాళ్ళ ముఖంలో స్వార్థం వెతకడం నాకు అప్పట్లో వెన్నతో పెట్టిన విద్య. థాంక్స్ అక్కా అని తియ్యగా నవ్వి, రెండూ మా గుమ్మానికి అటూ ఇటూ పెట్టాను.

నెల తిరిగేసరికి కొత్తగా వచ్చిన ఆకులన్నీ చిలుము పట్టిన రాగిచెంబు రంగులోకి దిగాయి, ఇంకో రెండు వారాలకి దాదాపు పచ్చబడ్డాయి. ఫోనులో చూపిస్తే ఏలూరు నుంచి మా అమ్మ, పప్పులోకి పనికొస్తుందా అని అడిగింది. పనికిరాదన్నాను. మరెందుకే అంది. మా ఆయన మాత్రం, వెనక పెరట్లో పొద్దస్తమానం ఎండే కదా, అక్కడ పెట్టు అన్నాడు. నిజమే. కానీ చెత్తడబ్బాలూ బట్టలారేసే తీగలూ ఉన్న ఆ పెరట్లో నా మొక్కల్ని ఎవరు చూస్తారు? ఎవరూ చూడని నలుపు నాకెందుకు?

అలా కుతకుతలాడుతుండగా మే నెలాఖర్లో అక్కే వచ్చి తాళం చేతిలో పెట్టింది. ఒక ఆసుపత్రిలో పని అయిపోయి ఇంకో ఆసుపత్రిలో చేరేలోపు ఆరు వారాలు ఖాళీ దొరికిందనీ, వరంగల్ వెళ్ళొస్తాననీ, ఇల్లు ఒక కంట కనిపెట్టి మొక్కలకి కాస్త నీళ్ళు పోయమనీ అడిగింది. తప్పకుండా అక్కా అన్నాను. మొదటి వారం నిజంగానే నీళ్ళు పోశాను. రెండో ఆదివారం పొద్దున్నే, వీధి ఇంకా లేవకముందు, ఆవిడ మొక్కలు రెండూ మా గుమ్మానికీ, మావి రెండూ ఆవిడ గుమ్మానికీ మార్చేశాను. బయటి పింగాణీ కుండీలు అలాగే ఉంచి లోపలి ప్లాస్టిక్ తొట్లు మాత్రం మార్చాను కాబట్టి పని తేలిగ్గానే అయింది. రెండోసారి రోడ్డు దాటుతుంటే కుక్క మామ్మ ఎదురైంది. నా చేతిలో మొక్కను చూసి ఎక్కడికని అడిగింది. గాలి మార్పుకి అన్నాను. ఆవిడ చాలా సానుభూతిగా తలూపింది.

మర్నాటి నుంచి నాకు పండగే. మామ్మ మా గేటు దగ్గర ఆగింది, వంగింది, గ్రాండ్ అంది. మా ఆయన, అరె, మనవి కూడా నల్లబడ్డాయే అన్నాడు. ఎరువు మార్చానని చెప్పాను. పదిహేను రోజులు ఇంటి ముందు పని లేకపోయినా నిలబడ్డాను.

తర్వాత మా గుమ్మం దగ్గర కొత్త ఆకు విచ్చుకుంది. మళ్ళీ అదే చిలుము రంగు. దాని పక్కన ఇంకోటి. రోడ్డుకి అవతల ఎండలో నా పచ్చ మొక్కలేమో ముదురెరుపు తిరిగి, ఊదారంగుకొచ్చి, రోజురోజుకీ నల్లబడుతున్నాయి. జూలైలో అక్క వచ్చేనాటికి ఆవిడ గుమ్మంలో నలుపు, నా గుమ్మంలో పచ్చ. ఇంత దొంగతనం చేసి నేను సంపాదించిందేమీ లేదు, ఆవిడ పోగొట్టుకుందీ లేదు. తిరిగి మార్చాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది.

వచ్చిన రోజు సాయంత్రమే ఇంటికి పిలిచి, వాళ్ళమ్మ చేసిచ్చిన సకినాలు పళ్ళెంలో పెట్టింది. మొక్కల్ని సొంత పిల్లల్లెక్క చూసినవ్ అని ఒకటే పొగడ్త. నేను సకినం కొరికాను గానీ మింగలేకపోయాను. నోట్లో పిండితోనే జరిగిందంతా చెప్పేశాను, గాలి మార్పుతో సహా. అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక, చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ అంది.

"నేను ఎవ్వరికీ చెప్పలే, నీకు చెప్తున్న. మీ ఆయన కారు ఆరింటికొచ్చి ఆగుతది. ఇద్దరు సంచులు పట్టుకొని మాట్లాడుకుంట లోపలికి పోతరు. అది చూడలేక నేను కర్టెన్ గుంజుకునేదాన్ని."

వాళ్ళాయన మాంచెస్టర్‌లో డాక్టరు. రెండు నెలలకోసారి, అది కూడా ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే కలిసేవాళ్ళు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. కర్టెన్ సంగతే తెలీదు. ఏడాది పాటు రోజూ ఆ ఇంటి వైపే చూశాను, కానీ నా కళ్ళు కిటికీ కిందున్న కుండీలు దాటి పైకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆరింటికి మా కారు ఆగితే మా ఆయన అటు చూసి చెయ్యి ఊపేవాడు, డ్యూటీ లేని రోజున అక్క మా వంటింట్లోనే ఉండేది. మా గుమ్మంలో ఉన్న మొక్కల్ని పెరట్లోకి చేర్చాను. ఆగస్టు చివరికి అవి కాకినలుపు తిరిగాయి, చెత్తడబ్బాల మధ్య, ఎవరి మెప్పూ లేకుండా. రెండేళ్ళకి అక్కకి మాంచెస్టర్‌లోనే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. నేను సంతోషించాను, నిజంగానే. ఎదురింట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మానికి అటూ ఇటూ రెండు ప్లాస్టిక్ పూలబుట్టలు వేలాడదీశారు. వాటిని చూసి కుళ్ళుకుందామని నేను మనస్ఫూర్తిగా ప్రయత్నించాను గానీ, ఎంతకీ కుదరలేదు.