లోపలికి తిప్పిన మెరుపు

నా చిన్నప్పుడు తాండూరులో ‘ఫ్లెక్స్’ అనే మాట లేదు గానీ, ఆ పని మాత్రం మా వాకిట్లోనే దండిగా జరిగేది. మొన్న నా మనవరాలు ఫోన్‌లో ఎవరిదో కొత్త కారు చూసి, “ఎట్ల ఫ్లెక్స్ చేస్తుందో చూడు అమ్మమ్మా!” అంది. అర్థం అడిగితే, ఉన్నదాన్ని నలుగురి కళ్ళలో పడేలా తిప్పి తిప్పి చూపించడమట. ఐదో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని, అయినా ఈ ఇంగ్లీషు ముక్క ఇట్టే తలకెక్కింది. దాని దెబ్బ నేనెప్పుడో తిన్నాను మరి.

ఒక ఎండాకాలం సెలవులకు వికారాబాద్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఎర్ర బూట్లతో రైలు దిగింది. మంచినీళ్ళకు లేచినా ఆ బూట్లే, పెరట్లోకి వెళ్ళినా ఆ బూట్లే. రోజూ నాతో అష్టాచెమ్మా ఆడే పక్కింటి పిల్ల ఆ టకటకల వెనకే వెళ్ళిపోయింది. బూట్లు లేకపోతే పోనీ, దోస్తు పోయిందని నా కడుపు మండింది. “గట్ల జూడకే, నా కాళ్ళకు దిష్టి తగుల్తది” అని అక్క ఇంకా ఉడికించేది.

మా మేనమామకు నాపరాళ్ళకు పాలిష్ పట్టే పని. నా ముఖం చూసి, ఆయన ఒక చిన్న బండను అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టి ఇచ్చాడు. నేను దాన్ని ఆయాసపడుతూ మోసుకెళ్ళి, మెరుపు వీధివైపు తిప్పి గేటు పక్కన నిలబెట్టాను. మామ కొట్టంలో మాత్రం బండలన్నీ జంటలుగా, మెరిసే ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉండేవి.

“మెరుపు లోపలికుండాలె బిడ్డా, బయటికుంటే గీతలు పడ్తయి” అన్నాడు మామ.

“లోపలికుంటే ఎవలు జూస్తరు మామా?”

ఆయన నవ్వి తన పనిలో పడ్డాడు.

సాయంత్రానికల్లా వీధి పిల్లలందరూ ఇసుక చేతులతో దాన్ని తడిమారు. అక్క బూటు ఆనించి మరీ అందం చూసుకుంది. బండ నా ముఖంలాగే మసకబారింది. ఏడుస్తున్న నన్ను మామ కొట్టంలోకి తీసుకెళ్ళి, వరసలోంచి మరో చిన్న బండ బయటికి లాగి, నేల మీద పరిచి, దాని మీద చెంబెడు నీళ్ళు పోశాడు. దీన్ని పొద్దున్నే దాచి ఉంచాడట.

“ఒక్కల్నే పిలువు. ఎవల్ని పిలుస్తవో నీ ఇష్టం” అన్నాడు.

పక్కింటి పిల్లను పిలిచాను. ఇద్దరం వంగి చూస్తే మా ముఖాలు ఆ నీళ్ళలో పక్కపక్కనే కనిపించాయి. బయట బూట్లు టకటకమన్నాయి. ఆ పిల్ల తల తిప్పలేదు.

ఆ బండ ఇప్పటికీ నా గదిలో గోడవైపు తిరిగి ఉంటుంది. కుళ్ళు పూర్తిగా చచ్చిందా అంటే, ఎదురింటావిడ కొత్త పట్టుచీర దండెం మీద ఆరేస్తే నా కళ్ళు ఇంకా అటే పోతాయి. కానీ మెరిసేది ఏదైనా చేతికొస్తే, ఎవరికి చూపిద్దామని కాక, ఎవరిని పిలుద్దామని ఆలోచించడం ఆ రోజే అలవాటైంది.

మనవరాలు ఆ బండను ఫోటో తీస్తానంది. వద్దన్నాను.

“చూపియ్యకుంట ఊరించుడు ఇంకా పెద్ద ఫ్లెక్స్ అమ్మమ్మా!”

“అయితే ఫోన్ ఆడ వెట్టి, చెంబుల నీళ్ళు పట్కరా” అన్నాను.