ఆ వారం వంతు నాది

పోయిన నెల చిట్యాలలో ఏవో కాగితాల కోసం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీ... కీ... అని కూయడం మొదలుపెట్టింది. అందరూ విసుక్కుంటూ బయటికి వెళ్లారు. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు. ఆ కూత వింటూ, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన పీలుస్తూ ఉంటే జనగామలో సాంబన్న ఇంటి ముందు గది కళ్లముందుకొచ్చింది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన గురించి నేను చెప్పాల్సిన మాట అప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.

సాంబన్న టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో పనిచేసి ముందుగానే ఉద్యోగం వదిలేసిన మనిషి. కంప్యూటర్ చదువు చదవలేదు; విప్పి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాడు. తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, అక్షరదోషాలు పట్టే సాధనాలు ఉచితంగా తయారుచేసి పంచే మా బృందానికి ఆయన ముందు గదిలోని పాత కంప్యూటరే సర్వరు. బృందమంటే ఎక్కడెక్కడో ఉన్న నూటయాభై మంది. చాలామంది ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మేం కలుసుకునే చోటు మెయిలింగ్ లిస్టు. ఒకరు రాసింది అందరికీ చేరుతుంది, జవాబులన్నీ ఒకచోట నిలిచి ఉంటాయి. దాని బాగోగులు చూడటానికి జీతం లేదు, జీతగాడూ లేడు. భూపాలపల్లిలో ఉద్యోగం చేసుకుంటూ నేను, జనగామలో ఆయన, ఇంకో ఇద్దరు వారానికొకరం వంతులు వేసుకునేవాళ్లం.

నేను మొదటిసారి వెళ్లిన రోజు కూడా కరెంటు లేదు. ఆయన భార్య కమలక్క చేత్తో విసురుకుంటూ, "చూసినవా తమ్మీ, ఇంట్ల మనుషులకు గాలి లేదు. గా డబ్బకు మాత్రం కరెంటు బందు కాదు" అంది.

"డబ్బ బందయితె నూటయాబై మంది పరేషాన్ అయితరు. నువ్వు ఒక్కదానివే గద" అన్నాడు సాంబన్న.

"ఆ, నేనొక్కదాన్నే. గందుకే ఇయాల చాయ గూడ గా డబ్బనే పెడ్తది, తాగు" అంటూనే ఆమె మాకు చాయ్ తెచ్చింది.

లిస్టులో సభ్యులు కానివాళ్లు రాసినా, పెద్ద ఫైలు జోడించి పంపినా ఆ మెయిలు నేరుగా వెళ్లదు, మా అనుమతి కోసం ఆగుతుంది. సాంబన్న దాన్ని గేటు అనేవాడు. గేటు దగ్గర రోజూ వందల కొద్దీ చెత్త ప్రకటనలు పోగయ్యేవి. అన్నింటినీ ఒకేసారి తీసేసే మీట ఉంది. దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. ఒక్కొక్కటీ తెరవాలి, మనిషి రాసింది అయితే లోపలికి పంపాలి, పనికిరాకపోతే ఎందుకో రెండు వాక్యాలు జవాబు రాయాలి.

"గిన్ని ఎప్పుడు తెరవాలె అన్నా?" అన్నాను ఒకసారి.

"గేటు కాడ నిలబడ్డోడు దొంగనో చుట్టమో ముఖం చూడకుంట ఎట్ల తెలుస్తదిర? ఎవలో పనులు ఇడిసిపెట్టి కూసొని రాసి పంపిండు. తెరిచి సూసుడు గూడ చేతగాదా మనకు?"

నాకు ఆయన నేర్పిన పనులన్నింటిలో ఇదే చిన్నది. నేను తప్పింది ఇందులోనే.

ఒక ఎండాకాలం సాంబన్న నుంచి ఫోన్ వచ్చింది. "శ్రీనూ, మీ అక్కకు కన్ను ఆపరేషను. వరంగల్ దవాఖానల ఉంటున్నం. ఈ వారం నా వంతు, జర గేటు నువ్వు చూడు." సరేనన్నాను. ఏ వారం ఎవరి వంతో సభ్యులందరికీ కనిపించే పేజీలో పేరు మార్చడం ఆయన మరిచిపోయాడు, నేనూ మార్చలేదు. గేటు తెరవడానికి నలుగురికీ ఒకటే పాస్‌వర్డ్; ఎవరు ఏం చేశారో అక్కడ పేరు పడదు.

ఆ వారం ఆఫీసులో ఊపిరాడలేదు. నాలుగు రోజులు గేటు వైపే చూడలేదు. అయిదో రోజు మధ్యాహ్నం అన్నం తిని చూస్తే నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మొదటి పదీ చెత్తే. మిగతావి తెరవలేదు. మీట నొక్కాను. వరుస మొత్తం ఖాళీ అయింది. నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

రెండు నెలల తర్వాత లిస్టుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది భద్రు నాయక్, మహబూబాబాద్ దగ్గరి తండాలో బడిపంతులు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు ఎండాకాలాలు తమ ఇంటి భాష మాటలు తెలుగు లిపిలో ఎక్కించాడు. వాటితో అక్షరదోషాలు పట్టే సాధనం చేద్దామని అడిగింది సాంబన్నే. అందుకోసం తండా దాకా వెళ్లి వచ్చాడు. పని పూర్తిచేసి ఆ పెద్ద ఫైలు పంపితే జవాబు లేదు. వంతుల పేజీ చూస్తే ఆ వారం సాంబన్న పేరు ఉంది. "తండావాళ్ల మాటలు మీకు చెత్తగా కనిపించాయి కాబోలు. అడిగి మరీ అవమానించారు" అని రాశాడు.

చదువుతుండగానే నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. సాయంత్రం సాంబన్న ఫోన్ చేశాడు.

"గాయన మెయిలు నువ్వు చూసిన వారంల వచ్చినట్టుంది శ్రీనూ. అన్నీ తెరిచి చూసినవా?"

"చూసిన అన్నా. గసొంటిది రాలేదు."

"అయితే మన డబ్బే మింగింది" అన్నాడు. అనుమానం లేదు ఆ గొంతులో.

డిస్కు చిన్నదని వచ్చిన మెయిళ్ల చిట్టాలు నెల దాటితే వాటంతట అవే చెరిగిపోయేలా మేమే పెట్టుకున్నాం. రుజువు ఏదీ మిగలలేదు. సాంబన్న నా పేరు ఎత్తలేదు. తప్పు సర్వర్‌ది, బాధ్యత తనది అని లిస్టులో రాశాడు, క్షమించమన్నాడు. ఎవరూ నమ్మలేదు. "సర్వర్‌కు కులం తెలుసా?" అని ఒకరు రాశారు. వారం తర్వాత సాంబన్న బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. ఆ చోటు సభ్యులు నాకిచ్చారు. తీసుకున్నాను.

తర్వాత కూడా వెళ్లేవాణ్ని. ఎప్పుడు వెళ్లినా సర్వర్‌లో ఆ తప్పు కోసమే వెతుకుతూ కనిపించేవాడు. చివరిసారి వెళ్లినప్పుడు మంచంలో ఉన్నాడు. ఆ రోజు చెప్పేద్దామనే వెళ్లాను. ఆయనే ముందు అందుకున్నాడు. "దొరుకుతలేదుర. ఒక్కసారి దొరికితె భద్రు కాడికి పోయి చూపిద్దును." నేను ఆయన కాళ్ల మీది దుప్పటి సర్దాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

దినాలైపోయాక కమలక్క కంప్యూటర్ చూడమంది. అందులో 'పరీక్ష' అని ఒక ఫోల్డర్. భద్రు పంపినంత పెద్ద ఫైలు జోడించి, రకరకాల చిరునామాల నుంచి తనకు తానే పంపుకున్న మెయిళ్లు. ఒకటి, రెండు అని అంకెలు వేసుకుంటూ రెండు వందలు దాటాడు. ప్రతి ఒక్కటీ చేరింది. ప్రతిదాని కింద ఒకటే రాసుకున్నాడు: "వచ్చింది. మరి అది ఎందుకు రాలే?"

అది చూశాక కూడా ఏడాది ఊరుకున్నాను. చిట్యాల నుంచి వచ్చాక మొదటి ఆదివారం మహబూబాబాద్ బస్సెక్కాను.

భద్రు నాయక్ వరండాలో కుర్చీ వేశాడు. మొత్తం చెప్పాను.

"మా యాడి, అదే మా అమ్మ చెప్పిన మాటలు నా కాడ ఉన్నయి సార్, అవెక్కడికి పోలే" అన్నాడు. "గా పెద్దమనిషిని నేను అనరాని మాటన్న. గది ఎట్ల వాపసు తీసుకోవాలె? లిస్టుల నా మెయిలు తీసెయ్యొచ్చా?"

"తియ్యొచ్చు. తీస్తే నేను చేసింది గూడ మాసిపోతది మాస్టారూ. దాని కిందనే నాది రాస్త."

"ఎప్పుడు?"

అక్కడే కూర్చుని ఫోన్‌లో రాశాను. ఆ వారం వంతు నాది. తెరవకుండా తీసేసింది నేను. అడిగితే అబద్ధం చెప్పాను. సాంబన్నకు ఏమీ తెలియదు. పంపాను. భద్రు జేబులో ఫోన్ మోగింది. అన్నేళ్లుగా లిస్టులో ఒక్క మాట రాయకపోయినా ఆయన అందులోంచి వెళ్లిపోలేదు. నిలబడి చదివాడు, మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఆయనకు గూడ పోతదా సార్ గిది?"

పోయినవాళ్ల చిరునామాలు జాబితా నుంచి తీసేయాల్సింది నేనే. సాంబన్నది ఇంకా తీయలేదు.

"పోతది" అన్నాను.