పచ్చగుడ్డ ఊగితేనే బండి

మా డ్రైవర్ కాక చనిపోయాడు. శుక్రవారం పొద్దున మెస్సు దగ్గర చాయ్ గ్లాసు కడుక్కుంటుంటే ఆసుపత్రి నుంచి వచ్చినవాడు చెప్పాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడమంటారు, మాట్లాడతాను. బతికున్నవాడి దగ్గర మాత్రం మొహమాటపడను.

కాక మా మఫ్రఖ్ కూలీల క్యాంపు బస్సు నడిపేవాడు. ఊరు కాజీపేట, తండ్రి రైల్వే గార్డు. రైలు పట్టా అన్నదే లేని ఈ అరబ్బు దేశానికి వచ్చి కూడా బస్సును రైలులాగే నడిపాడు. చివరి సీట్లో కూర్చున్నవాడి చేతికి ఒక పచ్చగుడ్డ ఇచ్చేవాడు. అందరూ ఎక్కారని చూసుకుని వాడు కిటికీలోంచి దాన్ని ఊపాలి. అది అద్దంలో కనబడితేనే బండి కదిలేది. మొదటి రోజు నేనూ నవ్వాను.

"నవ్వుర్రి, నవ్వుర్రి. ఎండల ఒక్కడు మిగిలిపోతె అప్పుడు తెలుస్తది" అన్నాడు కాక.

ఉత్తరానికి బదులు ఇంటికి పంపే క్యాసెట్టులో మాట్లాడేటప్పుడు కూడా అంతే. ముందు "అందరు కూసున్నరా?" అని అడిగి, కాసేపు ఆగి, అప్పుడు మొదలుపెట్టేవాడు.

సెలవు రోజుల్లో క్యాంపు వెనక ఇసుక మైదానంలో నాకు డ్రైవింగ్ నేర్పాడు. క్లచ్ గబుక్కున వదిలితే తిట్టేవాడు. "బండ్ల ఉన్నోళ్లు సిమెంటు బస్తలు గాదుర, నిమ్మళంగ ఇడువు" అనేవాడు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

మా క్యాంప్ బాసు కూడా తెలుగువాడే. పైవాళ్ల దగ్గర పిల్లి, మా దగ్గర పులి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం పని ముగిశాక అందరం బస్సెక్కాం. ఒకతను మాత్రం కడుపునొప్పితో సైటు లోపలే ఉండిపోయాడు. ముందు సీట్లో ఉన్న బాసుకు ఓపిక లేదు.

"యల్లా, యల్లా! ఒక్కని కోసం ఎంతసేపు? పోనియ్యి."

"పచ్చగుడ్డ ఊగలే సాబ్" అన్నాడు కాక.

"నేను చెప్తున్న గదా!"

"మీరు ముంగట కూసున్నరు సాబ్. ఎనక ఎవరు లేరో మీకు కనబడది."

బస్సంతా గొల్లున నవ్వింది. అతనొచ్చి ఎక్కాకే బండి కదిలింది గానీ, ఆ నవ్వే కాక కొంప ముంచింది. బాసు ముదీర్ దగ్గరికి, అంటే కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్లి, ముసలాడికి చూపు మందగించింది, బస్సు ఆయన చేతిలో ఉంటే ప్రమాదమని చెప్పాడు. కాకను బస్సు దింపి ఇనుప చువ్వలు మోసే పనిలో వేశారు. తాళంచెవి నాకిచ్చారు. నేను వద్దంటే కాకే బలవంతపెట్టాడు.

"తీసుకోర. నువ్వు గాకపోతె ఇంకోడు నడుపుతడు. వాడు గుడ్డ సూడడు."

ఆ వయసులో ఇనుము మోస్తే గుండె ఎన్నాళ్లు తట్టుకుంటుంది? గుండెపోటొచ్చి ఆసుపత్రిలో పడ్డాక, చూడటానికి వెళ్లి అన్నాను, "కాకా, ఆ బాసుగాన్ని ఒక్కరోజన్న ఎండల ఇడిసిపెడ్త."

కాక తల అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. తొవ్వల నిలబడ్డోడు ఎవడైన సరే, ఎక్కించుకోవాలె."

ఆయన చెప్పినవన్నీ విన్నాను. ఇదొక్కటే వినబుద్ధి కాలేదు.

నిన్న, కాకను ఊరికి పంపే పెట్టె మూసేలోపు, ఆసుపత్రిలో చివరిచూపు కోసం క్యాంపంతా బస్సెక్కింది. బాసు కూడా వస్తానన్నాడు. ముదీర్ వస్తున్నాడు కదా, ఆయన చూస్తుండగా దండ వెయ్యాలి, "నాకు అన్నలాంటోడు" అని కళ్లు తుడుచుకోవాలి. "నేనొచ్చేదాక బండి కదలద్దు" అని కబురు కూడా పంపాడు.

బయలుదేరే వేళ దాటుతోంది. అద్దంలో చూశాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ పూలదండ, గేటు లోపలి నుంచి ఎండలో పరుగెత్తుకొస్తున్నాడు. నా కాలు బ్రేకు మీదే ఉంది. కాక మాట గుర్తొచ్చి కాసేపు తియ్యలేదు కూడా, అబద్ధమెందుకు చెప్పాలి.

చివరి సీట్లో ఉన్నది ఆ రోజు కడుపునొప్పితో ఆగిపోయినవాడే. వెనక్కి తిరిగి గేటు వైపు తీరిగ్గా చూశాడు. "ఆగుర్రి! ఆగుర్రి!" అన్న కేక అందరికీ వినబడింది. అందరూ ముందుకే చూస్తూ కూర్చున్నారు.

కిటికీలోంచి పచ్చగుడ్డ బయటికొచ్చింది.

క్లచ్ నిమ్మళంగా వదిలాను, కాక నేర్పినట్టే. రోడ్డెక్కేదాకా గుడ్డ ఊగుతూనే ఉంది. దాని వెనక, మా బస్సు లేపిన దుమ్ములో, ఆ పూలదండ చిన్నదవుతూ పోయింది.