పెత్రమాస నాటి దొరసాని

మొన్న గద్వాల లైబ్రరీలో పాత సినిమా పత్రికల కట్ట విప్పితే, ముక్కిన కాగితం వాసనకు నా తొమ్మిదో ఏటి పెత్రమాస గుర్తొచ్చింది.

పెత్రమాస రోజు మా వాడకట్టులో ప్రతి ఇంట్లో చనిపోయినవాళ్ల ఫొటోకు బొట్టు పెట్టి, ముందు విస్తరి వేసేవారు. మా అమ్మకు ఫొటో లేదు. ఫొటో లేకపోతే అమ్మ మా ఇల్లు గుర్తుపట్టక ఆకలితో తిరిగిపోతుందని నా భయం. అందుకే లైబ్రరీ పత్రికలోంచి ఒక పాత హాలీవుడ్ నటి బొమ్మ చింపుకొచ్చాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అమ్మను గురించి నాకు గుర్తున్నది అలాంటి నవ్వొక్కటే.

బొట్టు పెట్టిన బొమ్మను చూసి నాయినమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న నాయినను పిలిచింది.

"నీ బిడ్డ దొరసానికి బువ్వ వెట్టింది, జర వచ్చి చూడు. గామెకు మన గారెలు అరుగుతయా?"

నాయిన వచ్చి చూశాడు. "గీమె ఎవరు బిడ్డా?"

"అమ్మ గిట్లనే నవ్వేది గద నాయినా."

ఆయన నాయినమ్మ వైపు తిరిగి, "ఉండనియ్యే అమ్మా" అని విస్తరిలో ఇంకో గారె వేశాడు.

పెద్దయ్యాక ఆ నటి గురించి దొరికినదల్లా చదివాను. సినిమాలన్నీ ఫోన్‌లో చూశాను. ఊరికే చూపు దించుకుని దుఃఖమంతా చెప్పగల నటి. అయినా ఏ సినిమానూ నిబ్బరంగా చూడలేను. అమ్మ నిజంగా అలా నవ్వేదా అని నాయిన బతికుండగా అడగలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అమ్మకు ఆ నటి ముఖమే వస్తుంది.