పెటెలో తరఫున మాట్లాడేవాడు

పెటెలో ఆరడుగుల మూడంగుళాల మనిషి. తరగతి గుమ్మం దాటాలంటే తల వంచక తప్పదు. సరే, వంచినవాడు లోపలికొచ్చాకైనా ఎత్తాలి కదా, ఎత్తడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల ముందునుంచి నడుం సగానికి వంచి, కుడిచెయ్యి నేలకేసి చాపి, "తులౌ, తులౌ" అని, అంటే క్షమించండని, గొణుక్కుంటూ తన కుర్చీదాకా వెళతాడు. వాళ్ల సమోవాలో, కూర్చున్న పెద్దల ముందు నిటారుగా నడిచేవాణ్ణి పెంపకం లేనివాడంటారు. ఇక్కడ పెద్దదంటూ ఉన్నది తరగతి నడిపే డాక్టర్ రొవీనా ఒక్కతే. మిగతా పదిమందీ పద్దెనిమిదేళ్ల పిల్లలు, అందులో సగంమంది కాళ్లు బల్లమీదే ఉంటాయి. అయినా పెటెలో ఆ కాళ్లకు కూడా మర్యాద చేసుకుంటూనే వెళ్లేవాడు.

కూర్చున్నాక ఇక నోరు మెదపడు. పరాయి దేశంలో కుంబారా కొండమీది ఆ చిన్న విశ్వవిద్యాలయంలో అందరూ కలిపి మూడు వందలమంది విద్యార్థులు, అంతకు పదిరెట్లు గొర్రెలు. చెప్పేది లిబరల్ ఆర్ట్స్. చరిత్ర, తత్వం, కవిత్వం, కాస్త నక్షత్రాల లెక్క. పాఠం చెప్పడమంటూ ఉండదు. వారం వారం ఒక పుస్తకం చదువుకొచ్చి బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలి. అలా మాట్లాడినందుకు నూటికి నలభై మార్కులు.

మార్కులిచ్చేది రాసినందుకే కాదు, మాట్లాడినందుకు కూడా అని తెలిసినరోజు పెటెలోకి అన్నం సయించలేదు.

ఊళ్లో వాళ్లకైతే అసలు చదువే అర్థం కాలేదు. సవాయీ దీవినుంచి వాళ్ల అత్త ఫోన్ చేసింది.

"ఏం చదువుతున్నావురా అబ్బాయ్?"

"అన్నీ కొంచెం కొంచెం అత్తా."

"చదివి ఏమవుతావు?"

"ఆలోచించడం వస్తుందని రాశారు."

"ఇప్పుడు రాదా? మరి అంత స్కాలర్‌షిప్ ఎట్లా ఇచ్చార్రా నీకు?"

ఈ సంగతి చర్చి ఆడవాళ్ల ముందు చెప్పుకోవడానికి అత్తకు మొహం చెల్లలేదు. మేనల్లుడు లాయరు చదువుతున్నాడని చెప్పింది. ఆ మాట దీవి చుట్టి మళ్లీ వాళ్లింటికి వచ్చేసరికి పెటెలో జడ్జి అయిపోయాడు. వెళ్లేరోజు ఊరంతా పాటలు పాడి, పందుల్ని కోసి సాగనంపింది. అలాంటివాడు నోరు విప్పనందుకు చదువు పోగొట్టుకుని తిరిగొచ్చాడంటే ఇక వాళ్లింట్లో ఎవరూ వీధి మొహం చూడలేరు.

అలాగని అతనికి మాట రాక కాదు. పుస్తకాలన్నీ రెండేసిసార్లు చదివాడు. నోరు కట్టేసినవి ఇంటి పద్ధతులు. వాళ్ల తాత ఊరి పెద్ద. గ్రామసభలో పెద్దవాడు ఒక్కమాట మాట్లాడడు. రాయిలా కూర్చుంటాడు. ఆయన తరఫున మాట్లాడటానికి తులాఫలే అనే మనిషి ఉంటాడు. లేచి నిలబడి, కర్ర చేతబట్టి, పెద్దాయన మనసులో మాట ఊరికి వినిపించడం అతని పని. పెద్దవాళ్లు గౌరవంకొద్దీ మాట్లాడరు, చిన్నవాళ్లు భయంకొద్దీ మాట్లాడరు. పెటెలో పెద్దాయన మనవడు, పైగా వయసులో చిన్నవాడు. రెండు తాళాలూ ఆ ఒక్క నోటికే పడ్డాయి.

మొదటివారంలోనే ఒక పిల్ల డాక్టర్ రొవీనా మొహంమీదే, "మీరు చెప్పింది నేనొప్పుకోను" అంది. పెటెలో కళ్లు మూసుకున్నాడు. చెంప పగిలిన చప్పుడు కోసం చూశాడు. ఎంతకీ రాకపోతే ఒక కన్ను తెరిచాడు. రొవీనా నవ్వుతోంది, పైగా ఏదో రాసుకుంటోంది. మంచి మార్కు వేసిందని తర్వాత తెలిసింది. ఆ దేశం సంగతి అతనికి ఆరోజు బొత్తిగా అంతుపట్టలేదు.

ఆరోవారంలో రొవీనా తన గదికి పిలిచింది. మనిషి మంచిదే, కానీ మంచితనంలో కూడా తొందర ఎక్కువ.

"పెటెలో, నీ వ్యాసాలు చాలా బాగుంటున్నాయి. కానీ ఐదు వారాలైంది, నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు. మాటల మార్కులు సున్నా అయితే ఈ సబ్జెక్టు పోతుంది. సబ్జెక్టు పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అర్థమైందా?"

పెటెలో కనుబొమలు పైకెత్తాడు. వాళ్ల ఊళ్లో 'అవును' అనడం అంతే, నోటికి శ్రమ ఇవ్వరు.

రొవీనాకి అది ఆశ్చర్యంలా కనిపించింది. "నిజంగానే చెబుతున్నాను. ఇంటికి పంపించేస్తారు. అర్థమైందా?"

పెటెలో ఈసారి ఇంకా వినయంగా, ఇంకా పైకెత్తాడు.

"అంత నమ్మలేనట్టు చూస్తావేమిటి?" అంది రొవీనా. ఆ తర్వాత పదినిమిషాలు నిబంధనల పుస్తకం తీసి చదివి వినిపించింది. పెటెలో కనుబొమలు దించలేదు.

గదిలోంచి బయటికొచ్చి లెక్క చూసుకున్నాడు. ఇక మిగిలింది ఆరు తరగతులు. ఎంత ఆలోచించినా తాతకున్న దారే తనకూ దారి అనిపించింది. తన తరఫున మాట్లాడే మనిషి కావాలి.

ఆ మనిషి హాస్టల్లో ఎదురుగదిలోనే దొరికాడు. పేరు డార్సీ ప్రిడో. గొర్రెల ఫారం వాళ్లబ్బాయి. నిద్రలో తప్ప నోరు ఆగదు, ఒక్కోసారి నిద్రలోనూ ఆగదు. పుస్తకాలు మాత్రం ముట్టడు. ఆరువారాలుగా బల్ల దగ్గర పుస్తకం అట్టమీద రాసిన నాలుగు ముక్కలు చూసుకునే నెట్టుకొస్తున్నాడు.

పెటెలో సంగతంతా చెప్పాడు.

"అంటే నువ్వు చదువుతావు, నేను వాగుతాను. అంతేనా?" అన్నాడు డార్సీ.

"అంతే."

"నువ్వు దొరవి, నేను నీ గొంతు."

"అట్లా అనకు, సిగ్గేస్తుంది. మా ఊళ్లో తులాఫలే అంటే చాలా పెద్ద గౌరవంరా. భోజనంలో వాటా కూడా వస్తుంది."

"ఏం పెడతావు?"

పెటెలో ఆదివారం ఆదివారం కొబ్బరిపాలల్లో ఉడికించిన బన్నులు చేసేవాడు. హాస్టలంతా ఆ వాసనకే పడిచచ్చేది. సగం పళ్లెం డార్సీదని ఒప్పందం కుదిరింది.

ఏడోవారం తరగతిలో డార్సీ లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాడి చేతిలో హాస్టల్ వరండా ఊడ్చే పొడుగాటి చీపురుకర్ర ఉంది. కర్ర సంగతి పెటెలో మాటవరసకి చెప్పాడు, తెమ్మని చెప్పలేదు.

"పెటెలో తరఫున మాట్లాడుతున్నాను," అన్నాడు డార్సీ. "ఈ పుస్తకం రాసినాయన స్వేచ్ఛ స్వేచ్ఛ అంటాడే గానీ, వంట ఎవరు చేస్తున్నారో ఒక్కచోట కూడా చెప్పలేదు. రెండు వందల పేజీలు మరి ఎవరు వండిపెడితే రాశాడని పెటెలో అడుగుతున్నాడు."

ఆ టర్ములో అంత మంచి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పెటెలో రాయిలా కూర్చుని చేతులవైపు చూసుకుంటున్నాడు. ఆ గదిలో అన్నీ ఒక పద్ధతి ప్రకారం నడుస్తున్నాయని అతనికి మొట్టమొదటిసారి అనిపించింది.

రొవీనా చేతిలో పెన్ను ఆగిపోయింది. వద్దంటే ఒక జాతి ఆచారాన్ని అవమానించినట్టవుతుందేమోనని భయం, సరేనంటే మార్కు ఏ పేరు పక్కన వెయ్యాలో తెలియదు. తర్వాత చూద్దాంలే అని డార్సీ పేరు పక్కన పెన్సిలుతో రాసుకుంది. మూడు వారాలు అలాగే గడిచాయి. పిల్లలకు కూడా అలవాటైపోయింది. "డార్సీ, ఈ విషయంలో పెటెలో ఏమంటాడో కనుక్కో" అనేవాళ్లు, మధ్యలో రెండు జానలు కూడా దూరం లేకపోయినా.

డార్సీ మాత్రం ఆ పని మరిగాడు. మొదట్లో చెప్పింది చెప్పినట్టు చెప్పేవాడు. తర్వాత చెప్పినదానికి పక్కవాద్యం వాయించాడు. ఆ తర్వాత చెప్పనిది కూడా చెప్పసాగాడు.

పదోవారం తరగతి చూడటానికి డీన్ ఆల్బన్ కియో వచ్చాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, మోకాలు నొప్పి, మాట్లాడితే ముక్కుసూటి. ఆరోజు విషయం, భూమి ఎవరిది. నేలమీద చెమటోడ్చినవాడిదే నేల అని రొవీనా మొదలుపెట్టింది. డార్సీ చీపురు ఆనించుకుని, పెటెలో నేర్పినట్టే, పెటెలో తాత ఊరి పెద్ద అనీ, వాళ్ల ఊళ్లో భూమి కుటుంబాలదనీ, ఇంటిముందే పెద్దల సమాధులుంటాయనీ చక్కగా చెప్పాడు.

"మంచిది," అన్నాడు డీన్. "రేపు ఒక హోటలువాడు వచ్చి సంచినిండా డబ్బు చూపించాడనుకో. పెటెలో తాత ఏం చేస్తాడు?"

డార్సీ పెటెలోవైపు తిరగనుకూడా తిరగలేదు.

"ఇంకేం చేస్తాడండీ, సంతకం పెట్టి పారేస్తాడు. వీళ్ల తాతంటే మాటలా, ఊరంతా ఆయనదే కదా. సమాధులంటారా, ఓ పక్కకి జరిపిస్తాడు."

అందరూ నవ్వారు. పెటెలో ఊళ్లో తులాఫలే సభలో అన్నాడంటే ఇంటిపెద్ద అన్నట్టే. పెద్ద అప్పుడు నోరు మూసుకుంటే సరేనని ఒప్పుకున్నట్టే. ఆ నవ్వు ఆగేలోగా తాత భూమి అమ్మేశాడు, తాతమ్మ సమాధి పక్కకి జరిగిపోయింది, అడ్డుపడటానికి ఆ గదిలో తను తప్ప ఇంకెవరూ లేరు.

పెటెలో కుర్చీలోంచి లేచాడు. లేచి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్ల ఎదుట వాళ్లకంటే ఎత్తులో ఉండి మాట్లాడటం అతని వల్ల కాదు.

ముందు సభకు వందనం చెప్పాడు. డీన్ గారి తెల్లజుట్టుకి, డాక్టర్ రొవీనా చదువుకి, ఆ పిల్లలు ఒక్కొక్కరు ఏ ఊరునుంచి వచ్చారో ఆ ఊళ్లకు, ఆ ఊళ్ల నదులకు, వాళ్ల తల్లిదండ్రులకు పేరుపేరునా. దానికే పన్నెండు నిమిషాలు పట్టింది. ఇన్నివారాలూ ఎవరు ఏ ఊరన్నా విని గుర్తుపెట్టుకున్నవాడు అతనొక్కడే. ఒక పిల్ల కళ్లు తుడుచుకుంది. నేలమీద కూర్చున్న మనిషితో కుర్చీలోంచి మాట్లాడటం బాగోదనిపించి రొవీనా తనూ కిందకి దిగింది. తర్వాత పిల్లలు దిగారు. చివరికి మొహమాటానికి డీన్ కూడా దిగాడు.

అప్పుడు పెటెలో అసలు విషయానికి వచ్చాడు.

"డార్సీ అన్నది తప్పండి. మా తాతమ్మ సమాధి మా వాకిట్లోనే ఉంది. దానిమీద కూర్చునే నేను అక్షరాలు దిద్దాను. వానొస్తే ఆరేసిన బట్టలు దానిమీంచే తీస్తాం. ఆమె ఇంట్లో మనిషి. ఆ నేల మా తాతది కాదు. ఆయనకున్న పెద్దరికం పేరు కూడా ఆయనది కాదు, ఆ నేలదే. ఆయన పోతే ఆ పేరు ఇంకొకరికి ఇస్తాం. పేరే సొంతం కానివాడు నేలని ఎట్లా అమ్ముతాడు?" రొవీనావైపు తిరిగాడు. "ఇంకోమాటండీ, అమ్మగారూ. చెమటోడ్చినవాడిదే నేల అన్నారు. అది నేనొప్పుకోను. మా తాతమ్మ పోయి నలభై ఏళ్లు, అప్పట్నుంచీ ఆమె ఏ పనీ చెయ్యలేదు. అయినా నేల ఆమెదే."

ఇప్పుడు రొవీనా నవ్వుతోంది, గబగబా రాసుకుంటోంది. గంట కొట్టాక డీన్‌ని లేవదియ్యడానికి నలుగురు కావాల్సి వచ్చింది. లేస్తూ ఆయన, "ఈ తరగతికి రెండు చాపలు కొనండి" అన్నాడు.

అందరూ వెళ్లాక రొవీనా వాళ్లిద్దరినీ ఆపింది. "ఈ మూడువారాలూ డార్సీ చెప్పినవి ఎవరి ఆలోచనలు?"

పెటెలో నోరు తెరిచేలోపే డార్సీ ఛాతీ విరుచుకుని అందుకున్నాడు. "అన్నీ వీడివేనండీ. నేనైతే అట్ట కూడా తిప్పలేదు."

తన పని ఎంత నమ్మకంగా చేశాడో చెప్పుకుంటున్నాననుకున్నాడు పాపం. రొవీనా రబ్బరు తీసుకుని డార్సీ పేరు పక్కనున్న పెన్సిలు గీతలన్నీ చెరిపేసి, పెటెలో పేరు పక్కన పెన్నుతో రాసింది. మొదటి వారాల మౌనాన్ని లెక్కలోంచి తీసేసి పెటెలోకి నలభైకి ముప్పై ఎనిమిది వేసింది. ఆ మూడువారాలకీ డార్సీకి సున్నా. రెండువారాల్లో అతను ఆ మూడు పుస్తకాలమీద తనెదుటా డీన్ ఎదుటా ఒక్కడే కూర్చుని మాట్లాడాలి, లేకపోతే ఇంటికెళ్లి గొర్రెల బొచ్చు కత్తిరించుకోవడమే.

పెటెలో గట్టెక్కాడు. కానీ ఆ ముప్పై ఎనిమిదీ అతనికి మింగుడుపడలేదు. నిండుసభలో తన మనిషిని తప్పన్నాడు, తర్వాత అతని మార్కులు కూడా తనే తీసేసుకున్నాడు. అలాంటి తప్పు చేసినవాడికి వాళ్ల ఊళ్లో ఒకటే దారి, ఇఫోంగా. నొచ్చుకున్నవాడి గుమ్మం ముందు తలమీద చాప కప్పుకుని కూర్చోవాలి. వాళ్లొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే కూర్చునే ఉండాలి.

మర్నాడు పొద్దున టిఫిన్ వేళకి డార్సీ తలుపు తీస్తే గుమ్మంలో ఒక పెద్ద చాప ఉంది. చాప కింద ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎవడ్రా అది?"

"నేనే. క్షమించు."

డార్సీ చాప ఎత్తి చూశాడు. ఎత్తగానే పెటెలో ఊపిరి వదిలాడు, కళ్లు తుడుచుకున్నాడు. తను ఒక చేత్తో ఎంత పెద్ద పని చేశాడో డార్సీకి తెలియలేదు.

"పిచ్చోడా, తప్పు నాది కదరా. మీ తాతమ్మని జరిపించింది నేను." పక్కనే చతికిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఫారానికి పోవాలని లేదురా నాకు. ఎవరికీ చెప్పలేదు గానీ, నువ్వు చెబుతుంటే వినడం నాకు చాలా బాగుండేది. ఓ పని చెయ్యి. ఈసారి నువ్వే నా తరఫున వచ్చి మాట్లాడు. నీ బాకీ తీరిపోతుంది, నేను గట్టెక్కుతాను."

వాళ్ల ఊళ్లో స్నేహితుడు అడిగితే లేదనరు. ఒంటిమీద చొక్కా అడిగినా విప్పి ఇచ్చేస్తారు. ఇరవైరెండేళ్లలో పెటెలో ఏ మనిషి మొహం చూసి ఏదీ లేదనలేదు. ఇప్పుడు డార్సీ మొహం చూశాడు. చాలాసేపు చూశాడు.

"కుదరదు," అన్నాడు పెటెలో. "పోయి మొదటి పుస్తకం తే. కూర్చుని చదువుదాం."